లైన్ క్లియరా, తాతయ్యా?



మన విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ణి. ఇప్పుడు మనవడితో కలిసి బ్యాటరీ మోటారు గ్లైడరు బొమ్మ ఎగరేస్తున్నాను. దానికి రేడియోలో మూడు ఛానళ్ళు చాలు: మోటారుకొకటి, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటరుకొకటి, పక్కలకు తిప్పే రడ్డరుకొకటి.

మొదటిరోజు తొందరలో బ్యాటరీ తీయకుండానే చేతిలోని ట్రాన్స్‌మిటరు ఆపేశాను. సిగ్నల్ తెగితే మోటారు ఆగాలని రిసీవరుకు ముందే చెప్పి ఉంచాలి. దాన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు. అది చేయలేదు. ప్రొపెల్లరు గిర్రున తిరిగి మనవడి వేలు కోసుకుంది. రెండు కుట్లు పడ్డాయి. లైన్ క్లియర్ లేనిదే ఎవర్నీ స్తంభం ఎక్కనివ్వని నేను, ఇంట్లో ఆ మాటే మరిచాను!

ఇప్పుడు ప్రొపెల్లరు విప్పాకే ఛానళ్ళు సరిచూస్తాం. ట్రాన్స్‌మిటరు అన్నిటికన్నా ముందు వేస్తాం, అన్నిటికన్నా చివర ఆపుతాం. గ్లైడరు వెనక నిలబడి స్టిక్ కుడికి నెడితే రడ్డరు కుడికి, వెనక్కి లాగితే ఎలివేటరు పైకి కదలాలి. ఎదురు కదిలితే ఆ ఛానలును రివర్సు చేస్తాం. ఆఖర్న కావాలనే ట్రాన్స్‌మిటరు ఆపి, మోటారు ఆగిందో లేదో చూస్తాం.

ఇప్పుడు బ్యాటరీ తగిలించే ముందు మావాడే అడుగుతాడు, "లైన్ క్లియరా, తాతయ్యా?" అని. సెలవు.