అపరాధ పరిశోధక నవలాకర్త: శ్రీ కొమ్మూరి సాంబశివరావుగారు
(బాసరయందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



జ్ఞానసరస్వతీ సన్నిధానమున నేనేదేని పురాణవిషయమును ముచ్చటింతునని మీరు తలంచియుందురు. జీవితమెల్ల బాలురకు శబ్దమంజరియు రఘువంశమును చెప్పినవాడు డిటెక్టివు నవలలు వ్రాసిన గ్రంథకర్తను గూర్చి మాటలాడబూనుట కొందరికి వింతగా దోపవచ్చును. కారణము గలదు. మన విద్యార్థి వసతిగృహమున నెలకొల్పదలచిన పఠనాలయమునకు కొనవలసిన గ్రంథముల పట్టికను నేటి సాయంకాలము సభవారు తీర్మానింపనున్నారు. అందు అపరాధ పరిశోధక నవలలు కొనరాదను వాక్యమొకటి చేర్పబడినది. ఆ వాక్యమును గూర్చియే నా మనవి.

సాంబశివరావుగారు 1926లో తెనాలియందు జన్మించిరి. తల్లి కొమ్మూరి పద్మావతీదేవిగారు రచయిత్రి. గౌరవ కుటుంబముల స్త్రీలు రంగస్థలమెక్కుట తప్పుగా నెంచబడిన కాలమున నాటకములాడిన ధీరురాలు. తండ్రికి తోబుట్టువు గుడిపాటి వెంకటచలముగారు. చలముగారు పుట్టినది కొమ్మూరివారి యింటనే. మాతామహునకు దత్తుడై గుడిపాటివారైరి. ఆయన కన్నతండ్రి పేరును సాంబశివరావే గనుక మన నవలాకర్తది తాతగారి పేరు. ఈ యింటి గ్రంథములకు చిత్రమైన యదృష్టము పట్టినది. చలముగారి పుస్తకములను పిల్లల కంటబడకుండ పెద్దలు దాచిరి. సాంబశివరావుగారి పుస్తకములను పెద్దల కంటబడకుండ పిల్లలు దాచిరి.

తెలుగు ముద్రణకును చలనచిత్రములకును మద్రాసు నెలవైయుండిన దినములలో ఆయన కలము సాగినది. 1950 దశాబ్దము మొదలు పదుల కొలది నవలలు వెలువడెను. వానిలో అపరాధములను శోధించువాడు యుగంధర్. అతని సహాయకుడు రాజు. ఈ పేరు వినగనే సంస్కృతజ్ఞులకు భాసుని నాటకములలోని యౌగంధరాయణ మంత్రి తలపునకు వచ్చును. తెలుగు నాటకమెరిగినవారికి వేదము వేంకటరాయశాస్త్రులవారి ప్రతాపరుద్రీయములో, పిచ్చివానివలె నటించి ఢిల్లీకేగి మన కాకతీయ ప్రభువును విడిపించిన యుగంధర మంత్రి కన్నులయెదుట నిలుచును. వేషము మార్చుట, ఎదుటివాని యెత్తు కనిపెట్టుట, ఓర్పుతో గాచియుండుట అను మంత్రిలక్షణములన్నియు మద్రాసు వీధులలో కారు నడుపుకొని తిరుగు ఈ యుగంధరునకును గలవు.

ఇట్టి కథ తెలుగున ఆయనతోనే పుట్టినదని యనరాదు. అంతకు పూర్వమే వంగభాషలో పాంచకడి దే వ్రాసిన నవలలు తెలుగులోనికి వచ్చియుండెను. ఆరుద్రగారు సైతము 'పలకల వెండి గ్లాసు' వంటి పరిశోధక నవలలు వ్రాసిరి. సమగ్ర ఆంధ్ర సాహిత్యమును రచించిన చేయియే ఆ పనియు చేసినదని ఈ పట్టికను వ్రాసిన మిత్రులకు మనవి చేయుచున్నాను.

ఇంగ్లండులో అగాథా క్రిస్టీ అను నామె (1890–1976) మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆసుపత్రిలో ఔషధములు కూర్చుచు విషముల గుణములు నేర్చి, 1920లో తొలి నవలను ప్రకటించెను. పల్లెటూరిలో అల్లికపని చేసికొనుచు కూర్చుండు ముదుసలి యొకతె, తన యూరివారి స్వభావముల నెరిగియుండుటచేతనే, హంతకుని బట్టి యిచ్చునట్లు ఆమె కథలల్లినది. ఇట్టి కథలలో హత్య తెరవెనుక జరుగును. రక్తము మనమీద చిందదు. చదువరికి మిగులునది బుద్ధికి పని. సాంబశివరావుగారి లోకము ఆ పల్లె కాదు, మహానగరము. అచట పరుగులు, పిస్తోళ్లును గలవు. అయినను వారి నవలల పట్టు ఆ ప్రశ్నలోనే యున్నది: చేసినవాడెవడు? ఎట్లు తెలిసినది?

ఈ ప్రశ్న మన వాఙ్మయమునకు పరాయిది గాదు. మృచ్ఛకటికమున శర్విలకుడు కన్నము వేయుటకు ముందు దాని యాకారములను శాస్త్రపద్ధతిని చర్చించి, పూర్ణకుంభాకృతిని ఎన్నుకొని, జందెముతో కొలత దీసికొనును. తొమ్మిదవ యంకమున న్యాయసభయందు మైత్రేయుని చంకనుండి వసంతసేన నగలు జారిపడగా, నిర్దోషియైన చారుదత్తుడు హంతకుడని తీర్పబడెను. సాక్ష్యమెల్ల సరిపోయియు సత్యము వేరుగ నుండుట అన నిదియే. కౌటిల్యుడు అర్థశాస్త్రపు నాల్గవ యధికరణమున, ఆకస్మికముగ మృతినొందినవాని దేహమునకు తైలము పూసి పరీక్షింపవలెనని చెప్పి, ఉరిచేతనో విషముచేతనో నీటమునిగియో చచ్చినవాని గుర్తులను వేరువేరుగ నిరూపించెను. ఆ యర్థశాస్త్రమునకు మన పట్టికలో చోటున్నది, సంతోషము.

సాంబశివరావుగారి రచనలన్నియు నొక తీరున నున్నవని నేననను. అంత విరివిగ వ్రాసినవానికి త్వర తప్పదు. కొన్నింట ముడి విప్పుట కంటె ముడి వేయుటయే బాగుండును. వర్ణనలు తక్కువ. వారిది వాడుకభాష, చిన్నవాక్యములు. గ్రాంథికము మరగిన నాబోటివానికి మొదట రుచింపలేదు. కాని ఆ చిన్నవాక్యములే పని చేసినవి. నా బాల్యమున మా ప్రాంతపు పట్టణములలో కొలది పైసలకు దినపుటద్దెకిచ్చు పుస్తకముల దుకాణములుండెడివి. ఒక్కొక్క నవల అట్టలూడి, దారముతో కుట్టబడి, వందల చేతులు మారెడిది. అద్దె గడువు రేపటితో తీరుననగా ఎట్టి సోమరియైనను ఆ రాత్రియే పుస్తకము ముగించును!

నేను పనిచేసిన యొక పాఠశాలలో ఏడవ తరగతి బాలుడొకడు పాఠ్యపుస్తకమును కూడబలుకుకొని చదువువాడు. యుగంధర్ నవలయొకటి వాని చేతికిచ్చితిని. చివరి యాకులు కొన్ని చిరిగిపోయియుండెను. హంతకుడెవరని వాడు వారము దినములు నన్ను వేధించెను, నేను చెప్పనైతిని. తుదకు బస్సెక్కి భైంసాకేగి, మరియొక ప్రతిని వెదకి చదివి వచ్చెను. మరల ఇంకొకటి కావలెననెను. ఏ శిక్షచేతను వానిచేత నేనా మాట పలికింపలేకపోయితిని.

నిజాము పాలనలో తెలుగు చదువునకే చోటు కరువైనప్పుడు మన పూర్వులు గ్రంథాలయములకై పాటుపడిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినది. నేడు మన పిల్లలకు చదువు కరువు లేదు. పరీక్షకొరకు గాక తెలుగుపుస్తకము తెరచువారే కరువు. ఈ క్షేత్రమున పసివానిచేత బియ్యములో ఓంకారము దిద్దించుటకు మన పోషకులు ఎంతటి వ్యయమునకైనను వెనుదీయరు. అట్లు దిద్దిన వ్రేలు పదునైదవ యేట ఏ పుటను త్రిప్పుచున్నదో యెవ్వరును విచారింపరు. పట్టికలో శతకములున్నవి, పురాణములున్నవి, పోటీపరీక్షల గ్రంథములు రెండు బీరువాలకు సరిపడునన్ని యున్నవి. వానిలో నొక్కటియు తీసివేయుమని నేను కోరను. పిల్లవాడు రాత్రి దీపమార్పుమన్నను ఆర్పక చదువు పుస్తకము మాత్రము వానిలో లేదు.

సాంబశివరావుగారు 1994లో దివంగతులైరి. ఆయన పాఠకులు ఈ సభయందే పెక్కుమంది గలరు. కొందరి మొగములలో నవ్వు కనబడుచునే యున్నది. సాయంకాలపు సభలో ఆ వాక్యమును కొట్టివేయుటకు నేను ప్రతిపాదించెదను. బలపరచుటకు ఒక్కరు లేచిన చాలును. ఒక అరయంత నవలలకగు మూల్యమును నా పింఛనునుండి సమర్పించుకొనెదను.