ముందు మాట నేర్చుకోవాలి

హాస్టల్ పిల్లల గురించి మాట్లాడమన్నారు. నేను నరసాపురం దొరల దగ్గర మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి.

1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జి బీర్ భార్యలతో సహా ఇంగ్లండులో ఓడెక్కారు. ఒకాయనది రాతిపని, ఇంకొకాయనది చెప్పులు కుట్టే పని. మద్రాసు మీదుగా మచిలీపట్నం చేరి ముందు తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నారు. నరసాపురం, పాలకొల్లు ఆ తర్వాతే. దేవుడి మాట చెబుదామని వచ్చినవాళ్లకు మంచినీళ్లు అడగడం కూడా రాదు కదా!

తర్వాత దుమ్ముగూడెంలో జాన్ కెయిన్ కోయల మధ్య ఉండి, వాళ్ల ఆచారాల గురించి 'ఇండియన్ యాంటిక్వరీ'లో రాశారు. మతం సంగతి వేరు, దానిమీద మనలో మనకే వాదాలున్నాయి. కూర్చుని నేర్చుకున్నారు, అది ఒప్పుకోవాలి.

నేను కొండరెడ్ల ఆడపిల్లను, మా ఇంట్లో తెలుగే. టీచర్ ట్రైనింగ్‌లో పిల్లల మనస్తత్వం చదివాను గానీ కోయ మాట ఒక్కటీ రాదు. వార్డెన్‌గా చేరిన ఏడు, మూడో తరగతి పాప రాత్రిపూట వచ్చి "ఏరు, ఏరు" అని ఏడ్చింది. ఊళ్లో ఏరు గుర్తొచ్చి బెంగపెట్టుకుందనుకున్నాను. నాన్న వస్తాడులే అని పడుకోబెట్టాను. కోయలో ఏరంటే నీళ్లట. తెల్లారి పదో తరగతి పిల్ల చెప్పింది. పాపకు ఒళ్లు కాలిపోతోంది. రాత్రంతా దాహంతోనే పడుకుంది.

ఇప్పుడు జూన్‌లో కొత్త పిల్లలు రాగానే పెద్దపిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆకలి, కడుపునొప్పి, భయం, వీటికి వాళ్ల మాటలు నోటుబుక్కులో రాసుకుంటాను. నేను పలికితే కొత్తవాళ్లు నవ్వుతారు. ఈ ఏడు వచ్చినదొకతి అప్పుడే నన్ను దిద్దడం మొదలుపెట్టింది.