మన సంస్థల్లో పనిచేసేవారికి మనం చేసే న్యాయం

(ముస్లిం విద్యాసంస్థల నిర్వాహకులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వైమానిక దళంలో పనిచేసే ఒక ముస్లిం ఉద్యోగి గడ్డం పెంచుకున్నందుకు ఉద్యోగం కోల్పోయాడు. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ చర్యను సమర్థించింది. సాయుధ దళాల్లో క్రమశిక్షణకు, ఏకరూపతకు ప్రాధాన్యం ఉంటుందని చెప్పింది. ఆ తీర్పు మనల్ని బాధించింది. దాని గురించి మన మస్జిదుల్లో, పత్రికల్లో ఎంతో చర్చించుకున్నాం. ప్రభుత్వం మనవారిపట్ల న్యాయంగా వ్యవహరించాలని కోరడం మన హక్కు. అయితే మన చేతిలో ఉన్న సంస్థల్లో మనవారిపట్ల మనం ఎలా వ్యవహరిస్తున్నామన్న ప్రశ్నను అంత గట్టిగా వేసుకోలేదు. ఈరోజు ఆ ప్రశ్న గురించే మాట్లాడదలచుకున్నాం.

న్యాయ సలహా కోసం మా దగ్గరకు వచ్చిన ఒక సోదరి సంగతి చెబుతాం. పేరు, ఊరు చెప్పం. మనవారి పాఠశాలలో ఆమె పదకొండేళ్లు పాఠాలు చెప్పింది. నియామక ఉత్తర్వు లేదు. జీతం చేతికిచ్చి రిజిస్టరులో సంతకం తీసుకునేవారు. ఒక ఏడాది రంజాన్ సెలవుల తరువాత బడికి వెళితే గేటు దగ్గరే, "మీరిక రానవసరం లేదు" అన్నారు. తాను చేసిన తప్పేమిటో ఆమెకు ఈనాటికీ తెలియదు. కమిటీ పెద్దలను మేము అడిగాం. "మాది మైనారిటీ సంస్థ. ముప్పయ్యో అధికరణం ప్రకారం మా నిర్వహణలో ఎవరూ జోక్యం చేసుకోకూడదు" అన్నారు.

ఈ మాట ఎంతవరకు నిజమో న్యాయస్థానాల తీర్పుల వెలుగులో చూద్దాం.

రాజ్యాంగంలోని 30వ అధికరణం మనకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకుని నిర్వహించుకునే హక్కునిచ్చింది. ఇది అమూల్యమైన హక్కు. కాని 1958లో కేరళ విద్యా బిల్లు వ్యవహారంలోనే సుప్రీంకోర్టు ఒక సంగతి తేల్చిచెప్పింది. నిర్వహించే హక్కులో దుర్నిర్వహణ చేసే హక్కు ఇమిడి లేదన్నది. అరవై ఏళ్లకు పైగా ఆ సూత్రం చెక్కుచెదరలేదు.

సిబ్బంది విషయంలో ఆ సూత్రాన్ని స్పష్టం చేసిన తీర్పు 1986లో ఫ్రాంక్ ఆంథొనీ పబ్లిక్ స్కూల్ ఉద్యోగుల సంఘం కేసులో వచ్చింది. తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి. ఢిల్లీ పాఠశాల విద్యా చట్టం ఉపాధ్యాయులకు కొన్ని రక్షణలు కల్పిస్తూనే, ప్రభుత్వ సాయం పొందని మైనారిటీ పాఠశాలలను వాటి నుంచి మినహాయించింది. ప్రభుత్వ పాఠశాలలతో సమానమైన జీతం, విచారణ లేకుండా తొలగించకూడదన్న నియమం, జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి ఉండే ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకునే వీలు అందులో ఉన్నాయి. ఆ మినహాయింపు వివక్షతో కూడినదని కోర్టు కొట్టివేసింది. ఉపాధ్యాయునికి సరైన జీతం ఇవ్వడంవల్ల సంస్థ మైనారిటీ స్వభావం దెబ్బతినదని భావించింది. ఒక్క విషయంలో మాత్రం యాజమాన్యానికి రక్షణ ఇచ్చింది. ఉద్యోగిని తొలగించేముందు విద్యాశాఖ అధికారి ముందస్తు అనుమతి తీసుకోవాలన్న నిబంధన సాయం పొందని మైనారిటీ పాఠశాలలకు వర్తించదన్నది. గీత ఎక్కడ గీయాలో ఈ తీర్పు చూపింది. తుది నిర్ణయం మన చేతుల్లోనే ఉంటుంది. అయితే ఆ నిర్ణయానికి చేరే మార్గం న్యాయంగా ఉండాలి.

ఆ మార్గం ఏమిటి? ఆరోపణలను రాతపూర్వకంగా ఇవ్వాలి. జవాబు చెప్పుకోవడానికి తగిన వ్యవధి ఇవ్వాలి. సాక్షులను ప్రశ్నించనివ్వాలి. ఫిర్యాదు చేసినవారే విచారణాధికారిగా కూర్చోకూడదు. విచారణ నివేదిక ప్రతిని శిక్ష విధించకముందే ఉద్యోగికి అందించాలి. ఈ చివరి నియమాన్ని 1990లో మొహమ్మద్ రంజాన్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1993లో మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు సంబంధించిన కేసులో రాజ్యాంగ ధర్మాసనం దానిని స్థిరపరచింది. ప్రభుత్వ సంస్థలకే కాక ప్రైవేటు సంస్థలకూ ఇది వర్తిస్తుందన్నది. నివేదిక ఇవ్వనంత మాత్రాన ఉద్యోగం తిరిగి రాదు. దానివల్ల ఉద్యోగికి నష్టం జరిగిందా అని కోర్టు పరిశీలిస్తుంది.

మన రాష్ట్రంలో 1982 నాటి విద్యా చట్టం ఉంది. విభజన తరువాత తెలంగాణలోనూ అది కొనసాగింది. ప్రైవేటు సంస్థల ఉద్యోగిని విచారణ లేకుండా తొలగించకూడదని దాని 79వ సెక్షన్ చెబుతుంది. కమిటీల సభ్యులు ఆ సెక్షన్‌ను ఒకసారైనా చదవాలని కోరుతున్నాం.

ఇక ఉద్యోగుల కష్టం గురించి. అన్యాయం జరిగితే ఎక్కడికి వెళ్లాలి? ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం నిర్వచించిన 'కార్మికులు' కారని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి లేబర్ కోర్టు తలుపు వారికి మూసుకుపోయింది. హైకోర్టులో రిట్ వేద్దామంటే, ప్రైవేటు సంస్థలో కేవలం ఒప్పందంపై ఆధారపడిన ఉద్యోగ వివాదానికి రిట్ చెల్లదని 2022లో సెయింట్ మేరీస్ కేసులో తీర్పు వచ్చింది. అదీ సాయం పొందని మైనారిటీ సంస్థకు సంబంధించిన కేసే. సివిల్ కోర్టుకు వెళితే సాధారణంగా నష్టపరిహారం దొరుకుతుందే తప్ప ఉద్యోగం తిరిగి రావడం కష్టం. ఈ లోటును గ్రహించే 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం, శిక్షకు గురైన ఉపాధ్యాయుల కోసం జిల్లా జడ్జి స్థాయి అధికారితో ట్రిబ్యునళ్లు ఉండాలని సూచించింది. అలాంటి వేదిక ప్రతి జిల్లాలోని ఉపాధ్యాయినికి అందుబాటులో ఉండాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలను మనమే ముందుండి కోరాలి.

ఒక హక్కు మాత్రం నిలిచింది. 2009 సవరణ ద్వారా ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు కూడా గ్రాట్యుటీ వర్తించింది. 1997 ఏప్రిల్ 3 నుంచి అది అమలైనట్లు ఆ సవరణ భావించింది. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. పదకొండేళ్లు పనిచేసిన మా సోదరికి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున రావలసి ఉంది. కాని ఆమె చేతిలో నియామక ఉత్తర్వు లేదు, బ్యాంకు ఖాతాలో జీతం పడిన ఆధారం లేదు. చివరికి పాత హాజరు రిజిస్టరు ఫోటోలు, పిల్లల ప్రోగ్రెస్ కార్డులపై ఆమె చేసిన సంతకాలు పోగుచేయవలసి వచ్చింది.

ఇమాములు, మౌజన్ల మాట కూడా చెప్పాలి. ఇమాములది స్వచ్ఛంద సేవ అని, జీతం అడిగే హక్కు లేదని వక్ఫ్ బోర్డులు వాదించాయి. 1993 మే నెలలో ఆలిండియా ఇమామ్ ఆర్గనైజేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. వేతనాల కోసం పథకం రూపొందించాలని ఆదేశించింది. అయినా ఫజర్ నుంచి ఇషా వరకు మస్జిదును కనిపెట్టుకుని ఉండే మనిషిని కమిటీలో ఒక సభ్యునికి కోపం వస్తే శుక్రవారంలోగా ఖాళీ చేయించే ఊళ్లు నేటికీ ఉన్నాయి.

నిర్వాహకుల ఇబ్బందులు మాకు తెలియనివి కావు. ఫీజులు వసూలు కావు, విరాళాలు చాలవు. పిల్లలపట్ల దుష్ప్రవర్తన వంటి ఫిర్యాదు వస్తే ఆ ఉపాధ్యాయుణ్ణి తక్షణం తరగతికి దూరంగా ఉంచవలసిందే, పోలీసులకు చెప్పవలసిందే. సక్రమమైన విచారణ అందుకు అడ్డు కాదు. కోర్టులో నిలిచేది సక్రమంగా జరిపిన విచారణే. రాతపూర్వక విచారణ నిర్దోషిని ఎంతగా కాపాడుతుందో సంస్థనూ అంతగా కాపాడుతుంది.

కాబట్టి మా విన్నపం ఇది. ప్రతి ఉద్యోగికి నియామక ఉత్తర్వు ఇవ్వండి. జీతం బ్యాంకు ద్వారా చెల్లించండి. సేవా నిబంధనలు తెలుగులోను, ఉర్దూలోను అచ్చువేసి స్టాఫ్ రూములో పెట్టండి. విచారణ సంఘంలో కమిటీకి సంబంధం లేని ఒకరిని, ఉపాధ్యాయిని కేసు అయితే ఒక మహిళను కూర్చోబెట్టండి. ఇమాముతోను, మౌజనుతోను రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. ఉద్యోగులారా, మీకు అందిన ప్రతి కాగితాన్నీ దాచుకోండి. కాగితం ఇవ్వకపోతే మీరే ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి.

శ్రామికుని చెమట ఆరకముందే అతని వేతనం చెల్లించమని ప్రవక్త (స) బోధించారు. మన పాఠశాలల గోడలపై ఆ బోధను అందంగా రాయించుకున్నాం. ఆ గోడల మధ్య పనిచేసేవారి విషయంలో దానిని అమలు చేసిననాడు, మనపట్ల ప్రభుత్వం న్యాయంగా ఉండాలని అడిగే మన గొంతుకు మరింత బలం వస్తుంది. మా సోదరి గ్రాట్యుటీ దరఖాస్తు ఇంకా విచారణలో ఉంది. ఆ పాఠశాల కమిటీ ఆదేశం కోసం ఎదురుచూడకుండా తానే ఆ సొమ్ము చెల్లించాలని ఈ వేదిక నుంచి కోరుతున్నాం. అల్లాహ్ మనందరికీ న్యాయంగా నడిచే భాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.