చట్టసభలలో స్త్రీల స్థానములు, మన సంఘములో స్త్రీల స్థానములు
(బరంపురములో మన సంఘ వార్షిక సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



మేము వర్తకులము. పట్టు ధర ఎందుకు పెరిగినదో చెప్పుమన్న చెప్పగలము గాని, రాజ్యాంగ శాస్త్రము చదివినవారము కాము. అయినను నేటి సభలో తీర్మానమొకటి రానున్నది గనుక, దానికి ముందుగా నాలుగు మాటలు మనవి చేసికొనుచున్నాము.

1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్రమై గంజాం అందులో చేరినది. నాటినుండి ఈ ఊరి తెలుగువారు అల్పసంఖ్యాకులైరి. అల్పసంఖ్యాకులుగా మనము కోరుచు వచ్చినదేమి? మన బిడ్డల బడిని గురించి, వారి పుస్తకములను గురించి నిర్ణయము జరుగుచోట మనవారు కూడ కూర్చుండవలెనని. రాజ్యాంగములోని 350-ఎ అధికరణము బాల్యమున మాతృభాషలో విద్య నేర్పుటకు సౌకర్యములు కల్పించుమని చెప్పుచున్నది. అది కాగితముపై ఉన్నంతమాత్రమున పంతులు రాడు. అడుగువాడు సభలో ఉండవలెను. “మీ మేలు మేము చూచుచునే యున్నాము గదా, మీరు వచ్చి కూర్చుండుట దేనికి?” అని ఎవరైన అన్నచో మన మొప్పుకొందుమా? ఒప్పుకొనము. ఆ ప్రశ్ననే మన యిండ్లలోని స్త్రీలు మనల నడిగినచో ఏమని బదులు చెప్పుదుము?

దేశమున ఓటర్లలో స్త్రీలు ఇంచుమించు సగము. లోక్‌సభలో 543 స్థానములుండగా 2019లో 78 మంది స్త్రీలు గెలిచిరి; 2024లో ఆ సంఖ్య 74కు దిగినది. మూడవ వంతు స్థానములు స్త్రీలకు కేటాయించు బిల్లు మొదట 1996 సెప్టెంబరులో సభకు వచ్చినది. పలుమారులు వచ్చి మురిగిపోయినది. 2010లో రాజ్యసభ అంగీకరించినను లోక్‌సభలో ముందుకు సాగలేదు. తుదకు 2023 సెప్టెంబరులో లోక్‌సభయందు 454 మంది అనుకూలముగను, ఇద్దరు మాత్రమే వ్యతిరేకముగను ఓటు చేయగా 106వ రాజ్యాంగ సవరణగా నెగ్గినది. అయితే నాడు నెగ్గిన పాఠములో ఒక మెలిక యున్నది. చట్టము అమలునకు వచ్చిన పిమ్మట జరుగు మొదటి జనాభా లెక్కలు తేలి, వాటినిబట్టి నియోజకవర్గముల హద్దులు తిరుగ నిర్ణయమైనపిదప గాని స్థానములు కేటాయింపబడవు. ఇరువదియేడేండ్లకు హుండీ చేతికి వచ్చినది గాని గడువు తేదీ వ్రాయలేదు. వర్తకులకు ఇట్టి హుండీ విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

చట్టమెందుకు, మంచి మనసు చాలదా యందురు కొందరు. మన ఒడిశా సంగతియే చూడుడు. 2019లో బిజూ జనతాదళము తన లోక్‌సభ టిక్కెట్లలో మూడవ వంతు, అనగా 21లో 7, స్త్రీలకిచ్చినది. ఆ పక్షమున అయిదుగురు, భారతీయ జనతా పక్షమున ఇద్దరు గెలిచి, రాష్ట్ర ప్రతినిధులలో సరిగా మూడవ వంతు స్త్రీలే యైరి. మన పొరుగున అస్కాలో నెగ్గిన ప్రమీలా బిసోయిగారు స్వయంసహాయక సంఘములలో పనిచేసిన పల్లెటూరి పెద్దమ్మ. పెద్ద చదువులు లేవు. రెండు లక్షల పైచిలుకు ఆధిక్యముతో గెలిచిరి. 2024లో గాలి మారినది. ఆ పక్షమునకు ఒక్క లోక్‌సభ స్థానమును దక్కలేదు. ఒడిశానుండి వెళ్లిన స్త్రీలు నలుగురే. ఏ పక్షమును నిందించుటకు చెప్పుట లేదు. ఒకరి ఔదార్యముపై నిలిచిన లెక్క వారితోడనే పడిపోవును.

పంచాయతీల కథ వేరు. అచ్చట చట్టము కలదు. 1993లో 73వ సవరణ అమలునకు రాకమునుపే ఒడిశాలో పంచాయతీలందు మూడవ వంతు స్త్రీలకిచ్చిరి. 2012 ఎన్నికలనుండి అది సగమైనది. “అమ్మగారు పేరునకే సర్పంచి, అయ్యగారిదే పెత్తనము” అని మన అంగడి అరుగులమీద నవ్వుకొనుట మేము వినుచునే యున్నాము. అట్టివి ఉన్నవి, కాదనము. కాని పశ్చిమ వంగమున బీర్భూం జిల్లాలో ఆర్థిక శాస్త్రజ్ఞులు లెక్కలు తీసి 2004లో ప్రకటించిరి. స్త్రీలకు కేటాయించిన పంచాయతీలలో మంచినీటి పనులకు ఎక్కువ ధనము వెచ్చించిరట. బిందె మోసినవారికి నూతి దూరము తెలియును గదా! పైగా, కొడుకును మొదటిసారి గల్లాపెట్టె యొద్ద కూర్చుండబెట్టినప్పుడు తండ్రి వెనుక నిలుచుండి చూచుకొనడా? వాని నెవరు నవ్విరి?

“మన ఆడువారికి అలవాటు లేదు” అనువారికి ఒక పేరు జ్ఞాపకము చేయుదుము. రాష్ట్రపతి పదవి నలంకరించిన వరాహగిరి వేంకటగిరిగారు ఈ బరంపురముననే 1894లో జన్మించిరి. వారిని మనము తరచు తలచుకొందుము. వారి తల్లి సుభద్రమ్మగారు శాసనోల్లంఘన కాలమున ఈ ఊరిలోనే మద్యనిషేధముకొరకు సమ్మె నడిపి అరెస్టయిరి. తొంబది యేండ్ల క్రిందటి ముచ్చట! ఆమె ఎవరిని అడిగి అలవాటు చేసికొనెను?

మన యిండ్లలో అరువు ఖాతాలు చూచునది, ఎవరికి ఎంత ఇయ్యవచ్చునో ఎవరికి ఇయ్యరాదో చెప్పునది ఎవరో ఈ సభలోని మగవారందరికిని తెలియును. ఇచట పుట్టిపెరిగిన మన ఆడపిల్లలు ఒడియా, తెలుగు రెండును ధారాళముగా మాటలాడుదురు. కచేరీలో అర్జీ తామే వ్రాసి ఇయ్యగలరు. 2022లో ఈ నగరపు మేయరు పదవి స్త్రీకే కేటాయింపబడినది. అట్టి ఎన్నిక మరల వచ్చునాటికి మన వార్డులలో నిలువదగినవారు సిద్ధముగా ఉండవలదా? నిన్నటివరకు ఒక సభలోనైన లేచి మాటలాడనివారు ఒక్కనాడు ఢిల్లీలో ఎట్లు మాటలాడుదురు?

కాబట్టి తీర్మానమిది. మన కార్యవర్గమున మూడవ వంతు స్థానములు ఈ యెన్నికనుండియే స్త్రీలకుండవలెను. ఉపాధ్యక్షురాలి పదవి అందులోనిదే. వంట ఏర్పాట్లు, ముగ్గుల పోటీలు మాత్రమే వారికి వదలి, పద్దులు మన చేత ఉంచుకొనుట కాదు. కోశాధికారి పదవికి కూడ వారు నిలువవచ్చును. కార్యవర్గ సమావేశములు రాత్రి అంగళ్లు కట్టిన పిమ్మటగాక ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు జరుగవలెను. లేనియెడల స్థానమిచ్చియు రానీయనట్లే. అంగడి ఒక పూట మూసినందువలన దివాలా తీయము.

ఇష్టము లేనివారు లేచి కారణము చెప్పుడు, వినెదము. చెప్పుటకు ముందు వెనుక వరుసలలోని సోదరీమణులను గూడ మాటలాడనిండు. వారి మాట ముగిసిన పిదపనే చేతులెత్తించుమని అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాము. నామపత్రములు కార్యదర్శిగారియొద్ద గలవు.