గాలపు కర్రకు పూత
(మన సంఘం సభలో చేసిన ప్రసంగపాఠం)



మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినప్పుడు, పాండిత్యం లేనివాణ్ణి గనుక నాకు చేతనైన పని గురించే చెబుతానన్నాను. వెదురు గాలపు కర్ర చెడిపోకుండా దానికి ఏ పూత పూయాలి, ఎట్లా పూయాలి అన్నదే ఆ పని.

మాది పావగడ తాలూకా నాగలమడిక. అంత్య సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రమని మీలో చాలామంది ఎరుగుదురు. నంది కొండల్లో పుట్టిన ఉత్తర పినాకిని, మనం పెన్న అనుకునేది, హిందూపురం ప్రాంతంలో ఆంధ్రదేశాన్ని చూసి, తిరిగి కన్నడదేశంలో మా తాలూకాకు వచ్చి, మా ఊరు దాటి మళ్ళీ పేరూరు వైపు ఆంధ్రలోకి పోతుంది. రెండు రాష్ట్రాల మధ్య రాకపోకలు మనకే కాదు, మా ఏటికీ వున్నవి.

అయితే ఆ ఏట్లో నీళ్ళు ఏటేటా వుండవు. ఏరు పారి, ఆనకట్ట నిండిన ఏడు జెల్లలకూ కొర్రమీనులకూ గాలాలు బయటికి వస్తాయి. లేని ఏళ్ళలో కర్ర అటకమీద పడి వుంటుంది. తీరా నీళ్ళు వచ్చిన రోజున అటక ఎక్కి చూస్తే, కర్ర కింద పసుపుపచ్చని పొడి కుప్పగా వుంటుంది. చేతబట్టి వంచితే పుటుక్కుమంటుంది. అంటే మా వైపు కర్రను చెడగొట్టేది నీళ్ళలో పని కాదు, నీళ్ళకోసం నిరీక్షణ. పూత ఎన్నుకునేటప్పుడు ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ పొడి చేసేది పుచ్చు పురుగు. వెదురులోని పిండిపదార్థం దానికి ఆహారం. వెదురు పైచర్మం గట్టిది, నున్నది. దాన్ని తొలవడం పురుగుకు కష్టం. అది కోసిన కొనల నుంచీ, కణుపు దగ్గర కొమ్మ నరికిన గాయాల నుంచీ లోపలికి పోతుంది. నీటి తేమ కూడా అదే దారి పడుతుంది. కాబట్టి ఒళ్ళంతా మెరుగు పెట్టి కొనలు వదిలేసిన కర్ర, ముందు వాకిలి తాళం వేసి పెరటి తలుపు తెరిచిన ఇల్లు వంటిది.

పూతకు ముందు చేయవలసినవి మూడు. మొదటిది, మూడేళ్ళు దాటిన వెదురును శీతకాలంలో కోయాలి. కొత్త కొమ్ములు వేసే వానకారులో కోయరాదు. గాలానికి లోపల బోలు తక్కువగా వుండే సాధనపు వెదురు మేలు. రెండవది, నాలుగైదు వారాలు నీళ్ళలో నానవేస్తే పిండిపదార్థం చాలావరకు కరిగిపోతుంది. మూడవది, నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే పగులుతుంది. ఆరిందో లేదో కంటికి తెలియదు. వారానికొకసారి తూచండి, వరుసగా రెండు మూడు వారాలు తూనిక మారకపోతే ఆరినట్లు. పార్సెలు గుమాస్తాను గనుక నాకు తక్కెడ మీద గురి ఎక్కువ. పచ్చి కర్రకు వార్నిష్ పూయడమంటే తేమను లోపల పెట్టి తలుపు మూయడమే. బూజు లోపలినుంచే పడుతుంది.

పురుగు భయం ఎక్కువైనచోట బోరిక్ ఆమ్లం రెండు పాళ్ళు, వెలిగారం మూడు పాళ్ళు, నీళ్ళు నూరు పాళ్ళు కలిపి, అందులో కర్రను కొన్నాళ్ళు నానవేసి తిరిగి ఆరబెట్టవచ్చు. పిల్లలకు అందనీయరాదు. ఈ మందు తడికి కరిగిపోతుంది గనుక పైన పూత తప్పదు.

ఇక పూతలు. లక్కను స్పిరిట్‌లో కరిగించిన పూత గంటలో ఆరుతుంది, అందంగా వుంటుంది. కాని తడి తగిలితే తెల్లబడుతుంది. దారం చుట్టిన కట్ల మీద అడుగు పూతగా వాడవచ్చు, ఒంటరిగా నమ్మరాదు. జీడినూనె నీటికి గట్టిదే; చేతికి తగిలితే పొక్కుతుంది, ఇంట్లో వాడదగినది కాదు. పచ్చి అవిసె నూనె రోజుల తరబడి జిగటగా వుండి దుమ్ము పట్టుకుంటుంది. కొట్లో డబుల్ బాయిల్డ్ అని అడిగి తీసుకుంటే తొందరగా ఆరుతుంది. పైకి బయటి తలుపులకు వాడే వార్నిష్ మంచిది; కర్ర వంగినప్పుడు అదీ వంగుతుంది. బల్లలకు వేసే గట్టి మెరుగు చిట్లుతుంది.

పూసే విధానం: ముందు మెత్తని ఉప్పుకాగితంతో పైనున్న మైనపు నునుపు మాత్రం తీయాలి, లోతుగా గీకరాదు, వెదురు బలమంతా పైపొర నారలోనే వున్నది. ఉడికించిన అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్ళుగా కలిపి గుడ్డతో రాసి, పావుగంటకు మిగులు తుడిచేయాలి. రెండు మూడు రోజులు ఆరనిచ్చి, వార్నిష్ మూడు పలుచని పూతలు వేయాలి. ఒక పూత పూర్తిగా ఆరి, తేలికగా రుద్దిన తరువాతనే మరొకటి. కొనలకూ కణుపు గాయాలకూ అదనంగా రెండు సార్లు. నూనె తుడిచిన గుడ్డ ఉండచుట్టి మూల పడేయకండి. అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. పరచి ఆరుబయట ఆరవేయాలి.

వెదురు కూడా వలస వెళ్ళినదే. 19వ శతాబ్దంలో అమెరికా వారు చీల్చి అతికించి చేసిన గాలపు కర్రలకు మన దేశపు వెదురు వెళ్ళేది, కలకత్తా వెదురనే పేరుతో. తరువాత చైనా నుంచి వచ్చిన టోంకిన్ వెదురు దాని స్థానం తీసుకున్నది. మా ఊరి పొడిగాలిలో ఆరిన కర్రను బొంబాయి వంటి తేమ ఊరికి తెస్తే, గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది, వంకర పోతుంది. చెడిందని పారేయకండి. ఇంట్లో నెల రోజులు అడ్డంగా, రెండు మూడు చోట్ల ఆనించి వుంచి, తూనిక కుదిరిన తరువాత పూత వేయండి. కొత్త ఊరి గాలికి అలవాటు పడేందుకు దానికీ వ్యవధి కావాలి.

ఏటా ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు కర్రను దించి చూడండి. పొడి రాలుతున్నదా, కొనల పూత చిట్లిందా అని పిల్లల చేత చూపించండి. ఏరు ఎప్పుడు పారుతుందో మన చేతిలో లేదు. పారిన రోజున కర్ర చేతికి పనికిరావడం మాత్రం మన చేతిలోనే వున్నది.