సిగ్గుచే దాచరాని వ్యాధి

(సికింద్రాబాదులో గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లను గూర్చి, మంచినీటిని గూర్చి పంచాయతీలలో తరచుగా చర్చ జరుగుచుండును. నేడు మేము ఇంటిలో సైతము పైకి చెప్పుకొనని యొక వ్యాధిని గూర్చి మనవి చేయదలచినాము.

స్త్రీల మర్మస్థానమునందలి చర్మమునకు వచ్చు దీర్ఘవ్యాధి యొకటి కలదు. వైద్యులు దానిని 'లైకెన్ స్క్లెరోసస్' అందురు. చర్మము తెల్లబడి, పలుచనై, ముడతలు పడును. రాత్రివేళ దురద హెచ్చును; చర్మము చిట్లి మంట పుట్టును. ముట్లుడిగిన స్త్రీలలో ఇది యెక్కువ. చిన్న బాలికలకును రావచ్చును. ఇది అంటువ్యాధి కాదు. అశుభ్రతవలన గాని, నడవడివలన గాని వచ్చునది కాదు. శరీరముయొక్క రక్షణశక్తి తన చర్మముమీదనే తిరుగబడుట దీనికి కారణమని వైద్యుల అభిప్రాయము.

ఇది క్యాన్సరు కాదు. కాని చికిత్స లేక ఏండ్ల తరబడి విడిచినచో కొందరికి అచ్చటనే క్యాన్సరు పుట్టవచ్చును. అట్లు జరుగునది నూటికి ఐదుగురికంటె తక్కువమందికే గనుక భయపడ పనిలేదు. అశ్రద్ధ మాత్రము తగదు. 2015లో ఆస్ట్రేలియా వైద్యులు 507 మంది స్త్రీలకు చేసిన చికిత్సాఫలితములను ప్రకటించిరి. చెప్పినట్లు మందు వాడిన 357 మందిలో ఒక్కరికిని క్యాన్సరు గాని, దాని పూర్వదశ గాని రాలేదు. సరిగా వాడని 150 మందిలో ఏడుగురికి వచ్చెను.

ఆ మందు స్టెరాయిడ్ పైపూత. డాక్టరు చెప్పిన మోతాదున కొన్ని నెలలు, పిమ్మట తగ్గించి వాడవలెను. దురద తగ్గెనని మానరాదు. దుకాణములో అడిగి తెచ్చిన పూతలు రాయరాదు. మానని పుండు, గడ్డ, దళసరి మచ్చ, రక్తస్రావము కనబడినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. చిన్న చర్మపుముక్క తీసి పరీక్షించిన నిజము తేలును. తొలిదశలో బయటపడిన క్యాన్సరు శస్త్రచికిత్సచే తరచుగా నయమగును. ఇందుకు సికింద్రాబాదున గాంధీ ఆసుపత్రియు, హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రియు కలవు.

ఇందు పంచాయతీ చేయదగిన పని యేమి? 2018 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము తెలంగాణలో సగము స్థానములు స్త్రీలవి. మహిళా సభ్యులు ఆశా కార్యకర్తతో కలసి స్త్రీలతో ఏకాంతముగా మాటాడవలెను. 'వయసు మీరిన దురద సహజమే' అను అపోహను తొలగింపవలెను. ఎవరి పేరును సభలో వినరాకూడదు. ఆసుపత్రికి తోడు పోవు మనిషిని, బస్సు చార్జీని సమకూర్చినను అది గొప్ప సేవయే. మురుగుకాలువకు చూపు శ్రద్ధలో కొంత ఈ తల్లుల బాధకును చూపుదురుగాక యని మా ప్రార్థన.