పసిబిడ్డ పేగులూ మన వేరుశనగా

(సంఘం కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, బ్యాంకు రుణాలు, పంటల బీమా గురించి మాట్లాడుకునే తరగతిలో పసిపిల్లల పేగుల సంగతి దేనికని కొందరు అడిగారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు పెరగనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, తెలంగాణలో 33 శాతం. తిండి పండించే మన ఇళ్ల పిల్లలు, మన చేలల్లో కూలికొచ్చే వాళ్ల పిల్లలు కూడా ఈ లెక్కలో ఉన్నారు. అందుకే ఈ విషయం ఎత్తుకున్నాం.

బిడ్డ చిక్కిపోతే తిండి చాలలేదంటాం. నిజమే. కానీ అంతటితో అయిపోదు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్ 1960లలోనే ఒక సంగతి గమనించారు. ఒకే రకం తిండి తినే పిల్లల్లో కొందరు ఎండుకుపోతున్నారు, కొందరికి కాళ్లూ ముఖమూ ఉబ్బుతున్నాయి. ఎందుకీ తేడా? ఆఫ్రికాలోని మలావీలో 317 జతల కవల పిల్లలను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2013లో ఒక సమాధానం చెప్పారు. ఒకే ఇల్లు, ఒకే తల్లి, ఒకే గంజి. అయినా చాలా జతల్లో ఒక బిడ్డ బాగానే ఉండి, రెండో బిడ్డ జబ్బుపడింది. జబ్బుపడిన బిడ్డ మలంలోని సూక్ష్మజీవులను ఎలుకల పేగుల్లోకి ఎక్కించి, వాటికి మలావీ తిండే పెడితే అవి బాగా చిక్కిపోయాయి. ఆరోగ్యంగా ఉన్న కవల నుంచి తీసినవి ఎక్కించిన ఎలుకలు అంతగా చిక్కలేదు.

రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. గేదె గడ్డి తింటుంది గానీ, ఆ గడ్డిని అరిగించేది దాని పొట్టలోని సూక్ష్మజీవులు. వేరుశనగ వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించేవీ సూక్ష్మజీవులే. బిడ్డ పేగుల్లోనూ అటువంటి సేద్యమే జరుగుతుంది. తల్లిపాలలో బిడ్డకు అరగని చక్కెరలు కొన్ని ఉంటాయి. అవి పేగుల్లోని మంచి సూక్ష్మజీవులకు ఆహారం. తల్లిపాలు తగ్గి, అన్నం, పప్పు మొదలయ్యే కొద్దీ సూక్ష్మజీవులు కూడా మారుతూ, రెండు మూడేళ్లకు పెద్దవాళ్ల పేగుల్లో ఉండే రకాలకు దగ్గరవుతాయి. పోషణ లేని పిల్లల్లో ఈ మార్పు వెనకబడుతుంది. ఏడాదిన్నర బిడ్డ పేగులు ఇంకా చంటిబిడ్డ పేగుల్లాగే ఉంటాయి. మామూలు చికిత్సా ఆహారం పెట్టినంతకాలం కొంత మెరుగై, ఆపేశాక మళ్లీ వెనక్కి పోతున్నాయని బంగ్లాదేశ్ పిల్లలపై చేసిన పరిశోధన 2014లో తేల్చింది.

అలాగైతే మంచి సూక్ష్మజీవులను మాత్రగా మింగిస్తే పోదా? ఢాకాలో ఆరు నెలల్లోపు పసికందులకు అలా ఇస్తే కొంత ఫలితం కనిపించిన మాట నిజం. కానీ మన అనుభవం గుర్తు చేసుకోండి. రైజోబియం కల్చరు విత్తనానికి పట్టించినా, సత్తువ లేని నేలలో అది నిలవదు. వచ్చినదాన్ని నిలిపే తిండి ఉండాలి. అమెరికాలో జెఫ్రీ గోర్డాన్, ఢాకాలో తహ్మీద్ అహ్మద్ బృందాలు ఈ దారినే పట్టాయి. ఏ తిండి పెడితే వెనకబడిన సూక్ష్మజీవులు పుంజుకుంటాయో ఎలుకల్లో, పందిపిల్లల్లో, ఆ తర్వాత పిల్లల్లో పరీక్షించారు. చివరికి నిలిచినవేమిటి? శనగపిండి, వేరుశనగ పిండి, సోయా పిండి, అరటికాయ! వీటికి కొంచెం చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు కలిపారు.

ఢాకాలోని మీర్‌పూర్ మురికివాడలో 12 నుంచి 18 నెలల వయసున్న, ఒక మాదిరిగా చిక్కిన పిల్లలకు మూడు నెలలపాటు రోజుకు రెండు పూటలు దీన్ని పెట్టారు. మరో గుంపుకు బియ్యం, పప్పుతో చేసిన మామూలు అనుబంధాహారం ఇచ్చారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఎత్తుకు తగ్గ బరువు పెరిగే వేగం కొత్త ఆహారం తిన్నవారిలో దాదాపు రెట్టింపు. విశేషమేమంటే ఇందులో క్యాలరీలు రెండోదానికంటే తక్కువ. అంటే కడుపు నింపడం ఒకటే లెక్క కాదన్నమాట.

దీన్ని ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పం. పరీక్ష ముగించిన పిల్లలు 118 మందే. బాగా నీరసించిన, కాళ్లు ఉబ్బిన బిడ్డకు ఇది మందు కాదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే. ఇంట్లో పిండి కలిపి వైద్యం చేయబోవద్దు. చిన్నపిల్లలకు వేరుశనగ గింజలు అలాగే పెడితే గొంతులో అడ్డం పడతాయి, అదీ గుర్తుంచుకోండి. తాగేనీరు బాగోక విరేచనాలు పదే పదే అవుతుంటే ఏ పిండీ నిలబెట్టదు.

ఇక మన పాత్ర. తెలంగాణ అంగన్‌వాడీలలో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర ఉంటాయి. అనంతపురం మెట్ట భూముల్లో వేరుశనగ, కర్నూలు నల్లరేగడిలో శనగ, ఆదిలాబాదులో సోయా, కడపలో అరటి పండుతున్నాయి. ధర పడిపోయిన ఏడు అరటి గెలలు తోటలోనే మాగిపోతాయి. పిల్లల ఆహారానికి కావలసిన సరుకును మద్దతు ధరకు తగ్గకుండా రైతుల నుంచే నేరుగా కొనాలని, తయారీ పనిని మహిళా సంఘాలకు ఇవ్వాలని మనం అడగాలి. ఫ్రాన్సులో తయారైన వేరుశనగ ముద్ద పొట్లాం మీద ఒక కంపెనీ ఏళ్ల తరబడి పేటెంటు పట్టుకు కూర్చున్న సంగతి మనకు తెలుసు. శనగ, వేరుశనగ, అరటికాయ కలిపిన తిండి మీద అటువంటి హక్కు ఎవరికీ చిక్కకూడదు.

అడిగేముందు మన సరుకు సంగతీ చూసుకోవాలి. తడిసిన వేరుశనగకు పట్టే బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఆ విషం ఎక్కువగా ఒంట్లో చేరిన పిల్లల ఎదుగుదల తక్కువగా ఉందని పశ్చిమ ఆఫ్రికాలో గమనించారు. వేయించినా అది పూర్తిగా పోదు. కాయను తేమ 8 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి, ముక్కినవీ ముడుచుకున్నవీ ఏరేయాలి, బస్తాలను నేలకు తగలకుండా చెక్కల మీద పేర్చాలి. వచ్చే కోతలకు ముందే ప్రతి మండల కమిటీ తేమ కొలిచే మీటరు ఒకటి కొని, రైతులకు అందుబాటులో ఉంచాలని కోరుతున్నాం.